పొగ వాసన విస్కీని నిదానంగా తాగడం ఎలా

పీటెడ్ సింగిల్ మాల్ట్ (మొలకెత్తిన బార్లీకి పీట్ అనే మట్టి పొగ పట్టించి, ఒకే డిస్టిలరీలో చేసిన విస్కీ) వాసన మొదటిసారి చూసిన చాలామంది గ్లాసు పక్కన పెట్టేస్తారు. అయోడిన్, తారు, తడిసిన బొగ్గు, ఆసుపత్రి వరండా... ముక్కుకు ముందుగా తగిలేవి ఇవే. అక్కడే ఆగిపోకండి. పొగ ముందు వస్తుంది, గట్టిగా వస్తుంది. దాని వెనక తేనె తీపి, నిమ్మతొక్క, సముద్రపు ఉప్పు, ఒక్కోసారి పండిన బేరిపండు వాసన కూడా ఉంటాయి. వాటిదాకా వెళ్లడానికి కావలసినవి రెండే: కాస్త సమయం, కాసిని నీళ్లు.

ఆ పొగ ఎలా పడుతుందో మా ఒంగోలు వైపు వాళ్లకు తేలిగ్గా చెప్పవచ్చు. పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, మంట రేకు గొట్టాలను వేడి చేస్తుంది. ఆ వేడి ఆకుకు తగులుతుంది, పొగ మాత్రం గొట్టాల్లోంచే బయటికి పోతుంది. ఆకుకు పొగ పట్టిందంటే సరుకు చెడినట్టే. స్కాట్లాండ్‌లో మాల్ట్ ఆరబెట్టే బట్టీలో పద్ధతి ఇందుకు పూర్తిగా తలకిందులు. మొలకెత్తిన తడి బార్లీని చిల్లుల నేల మీద పరిచి, కింద పీట్ రాజేసి, కావాలనే గింజకు పొగ పట్టిస్తారు. పీట్ అంటే బురదనేలల్లో నాచు, గడ్డి, పొదలు వేల ఏళ్లపాటు పేరుకుని, పూర్తిగా కుళ్లకుండా గట్టిపడిన మట్టి. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాలుస్తారు. అందులోంచి వచ్చే ఫినాల్స్ అనే పొగ వాసన పదార్థాలు గింజకు అంటుకుని, బట్టీ దిగి, ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉండి కూడా మీ గ్లాసుదాకా వస్తాయి.

సీసా గురించి వెతికినప్పుడు కనిపించే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) అంకె ఆ ఫినాల్స్ లెక్క. స్కాట్లాండ్ విస్కీల్లో ఆర్డ్‌బెగ్‌కు సుమారు 55, బౌమోర్‌కు సుమారు 25 అంటారు. అది మాల్ట్‌లో కొలిచిన అంకె, సీసాలో మిగిలేది అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి అంకె చూసి కొనకండి. కొత్తవారు బౌమోర్ 12తోనో (పేరు పక్కన అంకె పీపాలో గడిపిన ఏళ్లు), స్కై ద్వీపపు టాలిస్కర్ 10తోనో మొదలుపెట్టడం మంచిది. ఐలా ద్వీపపు దక్షిణ తీరంలోని లఫ్రాయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ తర్వాత చూసుకోవచ్చు. బెంగళూరులోనే తయారయ్యే మన అమృత్ పీటెడ్‌ను కూడా వీటితో పోల్చి చూడండి. అది స్కాచ్ కాదు, కానీ దాని పొగ మాల్ట్ స్కాట్లాండ్ నుంచే వస్తుంది. అక్కడ పీపాలోంచి ఏటా ఆవిరయ్యేది 2 శాతం ఉంటే, ఇక్కడి వేడికి 10 శాతం దాటుతుంది. అందుకే తక్కువ ఏళ్లకే చెక్క రుచి బాగా ఎక్కుతుంది. ఈ తేడా నాలుకకు తెలిసిన రోజు వయసు అంకె మీద మోజు తగ్గుతుంది.

గది సంగతి ముఖ్యం. అగరుబత్తి, దోమల చుట్ట, వంటింటి తాలింపు ఏవీ ఉండకూడదు. ఆంధ్రా మెస్‌లో గోంగూర మటన్ తిని నేరుగా వచ్చి కూర్చుంటే కారం తప్ప మరేమీ తెలియదు. రెండు గంటలు ఆగండి. విజయవాడ నుంచి వచ్చినప్పుడల్లా మా బావ "ఐస్ లేదా బావా?" అంటాడు. చలికి వాసనలు ముడుచుకుపోతాయి, ఆ తర్వాత నాలుకా మొద్దుబారుతుంది. బెంగళూరు సాయంత్రానికి ఐస్ అవసరమే లేదు. సోడా కూడా వద్దు.

కింద ఉబ్బుగా, మూతి దగ్గర సన్నగా ఉండే గ్లాసులో 30 మి.లీ. పోయండి. పోశాక పది నిమిషాలు ముట్టుకోకండి. తర్వాత గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మెల్లగా పైకి తీసుకురండి. ముక్కు లోపలికి దూర్చితే ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ అందదు. గ్లాసును గిరగిరా తిప్పకండి.

ఇప్పుడు వాసనలకు పేర్లు పెట్టండి. పెట్టె మీద రాసిన హెదర్ పూలు, పొగబెట్టిన హెర్రింగ్ చేపలు మనం చూసినవి కావు. మనకు తెలిసినవి మనకున్నాయి: సాంబ్రాణి, చల్లారిన హోమగుండం, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న కండె, ఎండు చేపలు. లాగవూలిన్ 16లో నాకు ప్రతిసారీ తగిలేది నేతి దీపం ఆర్పిన క్షణాన ఒత్తి నుంచి లేచే వాసన: నల్లని పొగ, దాని అడుగున కమ్మటి జిడ్డు. ఆ పేరు దొరికాక దాని పక్కనున్న ఎండుద్రాక్ష తీపి కూడా విడిగా తెలిసింది.

మొదటి గుక్క నోటికి అలవాటు చేయడానికే, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. రెండోది చిన్నగా తీసుకుని, నాలుక మీదా, కిందా, పక్కలకూ తిప్పి, పది లెక్కపెట్టి మింగండి. నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. పొగ అప్పుడు రెండోసారి వస్తుంది, ఈసారి మెత్తగా.

తర్వాత నీళ్లు. చాలామంది దీన్ని తప్పుగా చూస్తారు. నీళ్లు కలిపితే విస్కీ పలచబడుతుందన్నది నిజమే, కానీ వాసన విచ్చుకుంటుందన్నదీ నిజమే. పొగ వాసనకు ముఖ్య కారణాల్లో ఒకటైన గ్వాయకాల్ మీద స్వీడన్ శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ నమూనాలతో పరిశోధన చేశారు. ఆల్కహాల్ శాతం తగ్గేకొద్దీ ఈ పదార్థం ద్రవం పైభాగానికి, అంటే ముక్కుకు దగ్గరగా, చేరుతుందని తేలింది. 46 శాతం ఉండే ఆర్డ్‌బెగ్ 10లో అర చెంచా నీళ్లు పోసి మళ్లీ వాసన చూడండి. నిమ్మ వాసన ముందుకు వస్తుంది. కొంచెం మబ్బు పట్టినా కంగారు వద్దు, చిల్ ఫిల్టర్ చేయని (చల్లబరిచి వడకట్టని) విస్కీకి అది సహజం. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు మాత్రం పోయకండి, వాటి ఉప్పదనం రుచిని చెడగొడుతుంది. సీసా నీళ్లు చాలు.

నంజుకోవడానికి ఉప్పు జీడిపప్పు, చేదు చాక్లెట్ బాగుంటాయి. మిక్చర్, చికెన్ 65 మరో రోజుకు ఉంచుకోండి. రెండు మూడు రకాలు చూడదలిస్తే పొగ ఉన్నది చివర తాగాలి, లేదంటే మిగతావాటి రుచి అందదు. రెండు చిన్న పెగ్గులు దాటితే ముక్కు అలసిపోతుంది, ఆపేయండి. బండి తీయవద్దు.

సీసాను ఎండ తగలని అల్మారాలో నిటారుగా పెట్టండి. పడుకోబెడితే ఆల్కహాల్‌కు బిరడా చెడిపోతుంది. సగానికి దిగాక లోపలి గాలికి పొగ నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి, మిగిలినది చిన్న గాజుసీసాలోకి నిండుగా మార్చి, మూత బిగించి ఉంచండి.