నెల్లూరులో ఉంటూ రాక్ డ్రమ్మరుగా నిలదొక్కుకోవడం ఎలా

నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటూ రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించి బతకాలనుకునేవారు కొత్త సింబల్‌కు (డ్రమ్స్‌తో పాటు కొట్టే కంచు పళ్లేనికి) డబ్బు కూడబెట్టే ముందు ఒక పంచాంగం కొనుక్కోవాలి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ముహూర్తాలు ఉంటాయి కాబట్టి సంగీత్‌లకూ రిసెప్షన్లకూ పిలుపులు వస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో కళాశాలల వార్షికోత్సవాలు కూడా తోడవుతాయి. ఆషాఢం రాగానే ఫోను మూగబోతుంది. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా వినాయకుడి పందిళ్లు ఆదుకుంటాయి, పుష్యం మళ్లీ ఖాళీ, మధ్యలో మూఢం వచ్చిందంటే నిండుగా కనబడిన నెల కూడా చేజారిపోతుంది. పని లేకపోవడానికి కారణం తన వాయింపులో లోపమో, ముహూర్తాలు లేకపోవడమో తేల్చుకోలేక రెండో ఏడాదికే కిట్టు అమ్ముకున్న కుర్రవాళ్లను నేను చూశాను. సీజనులో అందిన ప్రతి మొత్తంలో మూడో వంతును ఆషాఢానికీ పుష్యానికీ విడిగా తీసిపెట్టాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీకి ఒప్పుకోను.

తరువాతి మాట రాక్ అభిమానులకు రుచించదు. మన వైపు పెళ్లి వేదికల మీద పూర్తి డ్రమ్ కిట్టుకు చోటు గాని, దానికి కావలసిన ఆరేడు మైకులు గాని దొరకడం అరుదు. ఆర్కెస్ట్రాలు వెతికేది ప్యాడ్స్ వాయించేవారిని. రోలాండ్ సంస్థ 1985లో తెచ్చిన ఆక్టోప్యాడ్‌తో మొదలైన ఈ రకం పరికరాలు ఎనిమిది రబ్బరు పలకల మీదే ఎన్నో తాళవాద్యాల శబ్దాలను పలికిస్తాయి, స్కూటరు మీద పెట్టుకుని వెళ్లిపోవచ్చు. ఇది నేర్చుకున్న డ్రమ్మరు పెళ్లి డబ్బుతో బ్యాండు సాధన గది అద్దె కట్టగలడు. నేను ఆరేళ్లు దీన్ని చిన్నచూపు చూశాను. ఆ ఆరేళ్లూ మా ఇంట్లో ఉడికినవి మా అన్న పండించిన మొలగొలుకులే.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. సగం అడ్వాన్సుగానూ, మిగిలిన సగం కార్యక్రమం మొదలయ్యే ముందూ తీసుకోవాలి. ఒక నిర్వాహకుడు బాకీని చెన్నైకి వచ్చి తీసుకోమంటే, నేను పోనూ రానూ సుమారు 350 కిలోమీటర్లు రెండుసార్లు తిరిగి, చివరికి టిఫిను తిని వచ్చాను.

కిట్టుతో బయటకు వెళ్లేవారు తప్పక తీసుకెళ్లవలసినవి ఒక మందపాటి జంపఖానా, ఒక ఇటుక. మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ప్లైవుడ్ వేదిక మీద వాయిస్తున్నప్పుడు, ప్రతి దెబ్బకూ, కాలి పెడల్‌తో వాయించే పెద్ద డ్రమ్మయిన నా బేస్ డ్రమ్ కొద్దికొద్దిగా ముందుకు జరిగి, మూడో పాటకల్లా పెడల్ ఊడి కాలి కింద మిగిలింది. అప్పటి నుంచి కిట్టు మొత్తం జంపఖానా మీదే అమర్చి, బేస్ డ్రమ్ ముందు గుడ్డ చుట్టిన ఇటుకను పెడుతున్నాను. సముద్రపు గాలి తగిలిన స్టాండ్లను ఆ రాత్రే పొడి గుడ్డతో తుడిచి, డ్రమ్ పొరను బిగించే టెన్షన్ మరలకు ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. తెల్లవారేదాకా ఆగితే తుప్పు మొదలవుతుంది.

బ్యాండులో చోటు శాశ్వతమని ఎవరూ అనుకోకూడదు. ఇంగ్లండు రాక్ బ్యాండు బీటిల్స్ కేవలం తమ పేరుతో తెచ్చిన తొలి రికార్డు 1962 అక్టోబరులో వచ్చింది. అంతకు రెండు నెలల ముందే డ్రమ్మరు పీట్ బెస్ట్‌ను తొలగించి రింగో స్టార్‌ను తీసుకున్నారు. బెస్ట్ తరువాత లివర్‌పూల్‌లో ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేశాడు. అయితే ఆయన వాయించిన పాత రికార్డింగులు 1995లో విడుదలైనప్పుడు ఆయనకు పెద్ద మొత్తమే అందింది. మనకు అంతటి వాటా రాకపోవచ్చు గాని, ఏ పాటకు ఎవరు వాయించారో, కిట్టు ఎవరి డబ్బుతో కొన్నారో, విడిపోతే రికార్డింగులు ఎవరివో స్నేహం బాగున్న రోజుల్లోనే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టుకోవాలి. గొడవ వచ్చాక రాసే కాగితం మీద ఎవరూ సంతకం పెట్టరు.

చెవులను కాపాడుకోవాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని అంటారు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. గట్టిగా కొట్టిన స్నేర్ డ్రమ్ (వాయించేవారి ముందే ఉండే, చురుగ్గా పలికే చిన్న డ్రమ్) దగ్గరగా విన్నప్పుడు దాన్ని దాటుతుంది. సాధనలో కూడా ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలి.

అనారోగ్యం వల్లనో, వేరే ఉద్యోగం వల్లనో ఏడాదో రెండేళ్లో మానేసినవారు తిరిగి రావడానికి సిగ్గుపడనక్కరలేదు. డెఫ్ లెపర్డ్ డ్రమ్మరు రిక్ అలెన్ 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చేతిని కోల్పోయి, ఆ చేతి పనిని ఎడమ కాలి పెడళ్లకు అప్పగించే కిట్టు తయారు చేయించుకుని 1986లో మళ్లీ వేదిక ఎక్కాడు. మనం మాత్రం నేరుగా కిట్టు ముందు కూర్చోకూడదు. మొదటి రెండు వారాలు ప్రాక్టీస్ ప్యాడ్ (సాధనకు వాడే మామూలు రబ్బరు పలక) మీద, లయ కోసం టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, కుడి ఎడమ దెబ్బలు ఒకే బలంతో పడేదాకా రోజుకు ఇరవై నిమిషాలు వాయించాలి. మణికట్టు నొప్పి పుడితే ఆ రోజుకు ఆపాలి. మూడో వారంలో బేస్ పెడల్ కలపాలి. నెల గడిచాక పాత పరిచయస్తులకు ఫోను చేయాలి. చేసినప్పుడు ప్యాడ్స్ కూడా వాయిస్తానని మొదటి మాటలోనే చెప్పాలి.