ర్యాంప్ మీద బండ్లు: ముందు ఆగడం నేర్చుకోండి

ర్యాంప్ (విమానాశ్రయంలో విమానాలు నిలిపి సామాను ఎక్కించి దించే ఆవరణ) సూపర్‌వైజర్‌గా కొత్త డ్రైవర్లకు నేను మొదట నేర్పేది ఆగడం. విమానం స్టాండ్‌కి (అది నిలిచే చోటికి) రాకముందే బెల్ట్ లోడర్ (సామాను ఎక్కించి దించే బెల్టు బండి), ట్రాలీలు హద్దు గీత బయట సిద్ధంగా ఉండాలి. విమానం ఆగిందని వెంటనే కదలొద్దు. ఇంజిన్లు ఆగాలి, ఎర్ర బీకన్ లైటు ఆరాలి, చక్రాలకు చాక్స్ (కదలకుండా పెట్టే అడ్డు దిమ్మెలు) పడాలి. ఆ తర్వాత సైగ వస్తేనే ముందుకు. ఏపీయూ (కరెంటు కోసం విమానంలోనే ఉండే చిన్న ఇంజిన్) పనిచేయని విమానానికి జీపీయూ (నేల మీంచి కరెంటు ఇచ్చే బండి) ముందుగా వెళ్లొచ్చు, దాని పద్ధతి వేరు.

గీత దగ్గర పూర్తిగా ఆగి బ్రేకు చూసుకోండి. అక్కడి నుంచి మనిషి నడిచే వేగమే. వెనక్కి తీసేటప్పుడు గైడ్ కనిపించకపోతే బండి ఆపేయండి.

బెల్ట్ లోడర్‌కీ విమానానికీ మధ్య కాస్త సందు వదలండి. ఇంధనం, సామాను ఎక్కేకొద్దీ విమానం కిందికి దిగుతుంది, దించేకొద్దీ పైకి లేస్తుంది. చాలామంది ఇది మర్చిపోతారు.

బండి విమానానికి ఎంత మెల్లగా తగిలినా చెప్పాల్సిందే. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి విమానాల బాడీ ఎక్కువగా కాంపోజిట్ (పొరలు పొరలుగా అతికిన ఫైబర్ పదార్థం). పైకి గీత కూడా కనిపించకుండా లోపలి పొరలు విడిపోవచ్చు. అందుకే చెప్పినవాడి మీద అందరి ముందూ అరవకండి, సూపర్‌వైజర్లకు ఇది నా గట్టి మాట. ఒకసారి అరిస్తే రెండోవాడు దాచేస్తాడు.

ఇక టైమ్ కలిసొచ్చేది స్పీడ్‌తో కాదు. షిఫ్ట్ మొదట్లోనే ఏ స్టాండ్‌కి ఏ బండో రాసిపెట్టండి, ఛార్జింగ్, డీజిల్, టైర్లు చూడండి. పని అయ్యాక బండి దాని చోటికే చేరాలి. ఫ్యూయల్ బౌజర్ (విమానానికి ఇంధనం తెచ్చే ట్యాంకర్) ముందు మాత్రం ఏ బండీ నిలపొద్దు, ప్రమాదమైతే అది నేరుగా బయటికి పోగలగాలి.