రోమన్ వెండి నాణేలు సేకరించాలంటే: విశాఖ నుంచి నా పద్ధతి

తొట్లకొండ మీద బౌద్ధారామం తవ్వినప్పుడు శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. భీమిలి రోడ్డు మీద తిరిగేవాళ్లందరికీ ఆ కొండ తెలుసు. అందుకేనేమో, మన వైజాగ్‌లో ఈ నాణేల మీద మనసుపడ్డవాళ్లు ముందుగా "అగస్టస్‌దో టైబీరియస్‌దో ఒకటి ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడుగుతారు. వాటితో మాత్రం మొదలుపెట్టకండి.

ఆ ఇద్దరు తొలి రోమన్ చక్రవర్తుల వెండి నాణేలైన డినేరియస్‌లలో వెండి మేలైనది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువునూ వెండి పాలునూ తగ్గించాడు. దక్షిణ భారతంలో దొరికిన నిధుల్లో ఆ పాత నాణేలే ఎక్కువ. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిధి కూడా అలాంటిదే. పైగా బైబిల్‌లో కైసరు పన్ను గురించిన మాట వచ్చేచోట చెప్పిన నాణెం టైబీరియస్‌దేనని చాలామంది నమ్మకం. దాంతో దానికి ధర పెరిగింది, ధరతో పాటు నకిలీలూ పెరిగాయి. కొత్తవాళ్లు 193 నుంచి 235 దాకా పాలించిన సెవెరస్ వంశం నాణేలు చూడండి. సెప్టిమియస్ సెవెరస్, ఆయన భార్య జూలియా డోమ్నా, కొడుకులు కారకల్లా, గేటా. విరివిగా ముద్రించారు కాబట్టి మంచివి కూడా అందుబాటు ధరకే వస్తాయి.

ధర అడిగే ముందు నాణెం మీది రాత చదవండి. నాకు ఇందులో ఉన్నంత ఆనందం ఇంకెక్కడా లేదు. లాటిన్ రాకపోయినా పర్వాలేదు, పదో పన్నెండో పొడి అక్షరాలు తెలిస్తే చాలు. 'ఏవీజీ' అంటే అగస్టస్, ఇక్కడ అది పేరు కాదు, చక్రవర్తి బిరుదు. 'పీఎం' అంటే ప్రధాన పూజారి. 'టీఆర్‌పీ' అనేది ఏటా కొత్తగా లెక్కపడే అధికారం, దాని పక్కన ఉన్న అంకెను బట్టి ఏడాది తేలిపోతుంది. సెవెరస్ నాణెం మీద 'టీఆర్‌పీ' తర్వాత ఒక 'వీ', నాలుగు 'ఐ'లు ఉంటే తొమ్మిది, అంటే 201వ సంవత్సరం. దాని ముందు 'పార్ట్ మాక్స్' కనిపిస్తే ఇరాన్ ప్రాంతాన్ని ఏలిన పార్థియన్లను గెలిచినందుకు పెట్టుకున్న బిరుదు అది. రోమన్ సామ్రాజ్య నాణేల జాబితా ఓసీఆర్ఈ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఉంది. మీరు చదివిన అక్షరాలు, వెనకవైపు బొమ్మ అక్కడ ఒకే చోట సరిపోకపోతే అనుమానించాల్సిందే.

ఇక పరీక్ష. స్టీల్ ప్లాంటు ల్యాబులో పనిచేసినదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే చెబుతాను. కురుపాం మార్కెట్‌లో వెండి కొట్టుకు తీసుకెళ్తే గీటురాయి మీద గీయనివ్వకండి, గీస్తే నాణెం పాడైనట్టే. వెండి పాలు చూపే కారట్ మీటర్ మెషీన్ గీత పెట్టదు, కానీ అది చూసేది పైపొరనే. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగిన దొంగ నాణేలు రోమన్ల కాలంలోనే ఉండేవి, అవి ఆ మెషీన్‌ దగ్గర సులువుగా నెగ్గుతాయి. సాంద్రత చూడటమే మేలు. 0.001 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు కొనండి, 0.01 త్రాసు దీనికి చాలదు. ముందు నాణేన్ని పొడిగా తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, సన్నటి దారంతో నాణేన్ని నీళ్లలో వేలాడదీయండి. అడుగుకూ అంచుకూ తగలకూడదు, బుడగలు అంటుకోకూడదు. మొదటి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగించండి. స్వచ్ఛమైన వెండికి 10.49 వస్తుంది. అగస్టస్ నాణేనికి దానికి దగ్గరగా రావాలి. సెవెరస్ కాలానికి వెండి దాదాపు సగానికి పడిపోయింది, కాబట్టి 9.6 చుట్టుపక్కల వస్తే కంగారుపడకండి. అగస్టస్‌దని అమ్మినదానికి అదే అంకె వస్తే మాత్రం కొనకండి.

భూతద్దంతో అంచు కూడా చూడాలి. అచ్చులో పోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, పైన సన్నటి గుంటలు, మొద్దుబారిన అక్షరాలు ఉంటాయి. సుత్తితో కొట్టి ముద్రించిన అసలుదానికి అంచుల్లో చీలికలుండటం మామూలే. బొమ్మ కాస్త పక్కకు జరిగి ఉన్నా తప్పేం లేదు.

"మా పొలంలో దొరికింది" అని ఎవరైనా తెస్తే కొనకండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. అలా చేతులు మారిన నాణెంతో పాటు దాని చరిత్ర కూడా పోతుంది, నాకు అది చాలా బాధ. బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. 1972 చట్టం కింద పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. అదే చట్టం వల్ల పాత నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు, కాబట్టి బయటి నుంచి తెప్పించుకుని, నచ్చకపోతే తిప్పి పంపుదామనుకోవద్దు. డబ్బు కట్టే ముందే కస్టమ్స్ ఏజెంటును అడగండి.

ఇంటికి వచ్చాక విభూదితోనో చింతపండుతోనో తోమకండి. నల్లబారిన ఆ పొర ఉండాలి. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దండి. మెత్తని పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. మన ఉప్పుగాలికి ఆమ్లం లేని కాగితపు కవరు, గట్టిగా మూతపడే డబ్బా, అందులో సిలికా జెల్ మంచిది. వానాకాలంలో ఆ జెల్ తరచూ మార్చండి. కవరు మీద చక్రవర్తి పేరు, ఏడాది, బరువు, సాంద్రత, కొన్న చోటు రాసి, బిల్లు నకలు డబ్బాలోనే ఉంచండి.