పని వారంలో రోజుకో చిన్న వింతను పట్టుకోవడం ఎలా?

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. "ఈ వారం ఏంటి విశేషాలు?" అని ఎవరైనా అడిగితే "ఏముంటాయి, ఆఫీసే" అంటాం. చాలాకాలం నా జవాబూ అదే. నిజానికి విశేషాలకు కొదవేం లేదు, వాటి పక్కనుంచే నడిచి వెళ్లిపోతుంటాం. వాటిని పట్టుకోవడానికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. జేబులో పట్టే నోట్‌బుక్, ఒక పెన్ను, రోజుకో ఐదు నిమిషాలు చాలు. ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు గానీ, ఫోన్ బయటికి తీశాక మెసేజ్‌లు చూడకుండా తిరిగి జేబులో పెట్టుకున్న మనిషిని నేనింకా చూళ్లేదు.

1. ముందు ఖాళీ నిమిషాలు వెతుక్కోండి

లిఫ్ట్ కోసం నిలబడే సమయం, నీళ్లు మరిగేదాకా ఆగే సమయం, మీటింగ్‌కి అందరూ వచ్చి కూర్చునేదాకా పోయే సమయం. వీటిలో రెండు మీవిగా పెట్టుకోండి. అంతకు మించి వద్దు. నేను మొదట్లో అత్యాశకు పోయి రోజుకు పది వింతలు రాయాలనుకున్నా. మూడో రోజుకే అది ఇంకో టార్గెట్ అయి కూర్చుంది. ఆ రాత్రి లెక్క సరిపెట్టడానికి "గోడకు తెల్లరంగు వేశారు" అని కూడా రాశాను. రోజుకు ఒక్కటి చాలు.

2. చేతిలో ఉన్న వస్తువుతోనే మొదలుపెట్టండి

కాఫీ కప్పే తీసుకుందాం. పింగాణీ కప్పులో వేడినీళ్లు పోసి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి బాగా కలపండి. కలపడం ఆపగానే చెంచా కొసతో కప్పు అడుగును లోపలినుంచి, ఒకే ఊపుతో, మెల్లగా కొడుతూ ఉండండి. మొదట మొద్దుగా "డబ్ డబ్" అంటుంది. కొట్టేకొద్దీ ఆ చప్పుడే మంద్రం నుంచి తారస్థాయికి ఎక్కుతూ పోయి, చివరికి "టింగ్ టింగ్" అంటుంది. మళ్లీ కలిపి చూడండి, మళ్లీ కిందికి దిగుతుంది.

మొదటిసారి విన్నప్పుడు నా చెవుల్లోనే ఏదో తేడా ఉందనుకున్నా. ఖాళీ కప్పులు రెండు కొట్టి చూసుకున్నాక గానీ నమ్మకం కుదరలేదు.

3. వెతికే ముందు ఊహించండి

ఈ మెట్టు దాటేస్తే సరదా సగం పోతుంది. ఎందుకిలా అవుతోందో వెంటనే ఇంటర్నెట్‌లో చూడకండి. ముందు మీకు తోచిన కారణం రాసుకోండి, తప్పైనా సరే. "కాఫీ చల్లారుతోంది, అందుకే చప్పుడు మారుతోంది" అని నేను రాశాను. తర్వాత ఆ ఊహను పడగొట్టే మార్గం ఒకటి ఆలోచించండి. నా ఊహ నిమిషంలో కుప్పకూలింది. మళ్లీ కలిపితే చప్పుడు మళ్లీ దిగుతోంది. కలిపినంత మాత్రాన కాఫీ తిరిగి వేడెక్కదు కదా!

అసలు కారణం గాలి బుడగలు. పొడి వేసి కలపగానే నీళ్లలో లెక్కలేనన్ని సన్నని బుడగలు పుడతాయి. బుడగలున్న నీళ్లలో ధ్వని నెమ్మదిగా నడుస్తుంది, దాంతో స్థాయి పడిపోతుంది. అవి పైకి తేలి పోయేకొద్దీ ధ్వని వేగం పుంజుకుంటుంది, స్థాయి పెరుగుతుంది. ఫ్రాంక్ క్రాఫర్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1982లో దీనిమీద ఏకంగా పరిశోధన వ్యాసమే రాశాడు. ఆయన కొట్టి చూసింది హాట్ చాకొలెట్ కప్పును, అందుకే దీనికి 'హాట్ చాకొలెట్ ఎఫెక్ట్' అనే పేరు నిలిచింది.

4. రోజూ చూసేదాన్ని ఒకసారి కొలవండి

ప్రింటర్ దగ్గర నిలబడాల్సి వచ్చిందా? రెండు ఏ4 కాగితాలు తీసుకోండి. ఒకదాని పొట్టి అంచు పొడుగు అంచు మీద సరిగ్గా కూర్చునేలా మూల దగ్గర మడిచి, గోటితో గీరి, విప్పండి. ఏటవాలుగా ఒక గీత పడుతుంది. రెండో కాగితం పొడుగు అంచును ఆ గీత వెంబడి ఆనించండి. రెండూ సమానం!

ఏ4 కొలత 210 మిల్లీమీటర్లకు 297. పొడుగును వెడల్పుతో భాగిస్తే 2కు వర్గమూలం వస్తుంది. ఈ నిష్పత్తి వల్లే కాగితాన్ని సగానికి మడిచినా ఆకారం చెడదు, చిన్న ఏ4లాగే కనిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త లిష్టెన్‌బర్గ్ 1786లోనే ఒక ఉత్తరంలో ఈ సుగుణం గురించి రాశాడు. జర్మనీ దాన్ని ప్రామాణిక కొలతగా పెట్టుకున్నది 1922లో.

బరువు కూడా తేల్చేయొచ్చు. ఇదే వరుసలో అన్నిటికంటే పెద్దదైన ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు. ఏ4 అందులో పదహారో వంతు. రీము మీద 80 జీఎస్‌ఎం అని ఉంటే చదరపు మీటరుకు 80 గ్రాములని అర్థం, అంటే ఒక్కో ఏ4 కాగితం 5 గ్రాములు. ఇది తెలిసినప్పటినుంచి నా బల్ల మీద ఫైళ్ల బరువు నాకు కంఠతా వచ్చేసింది. దానివల్ల ఒరిగిందేం లేదనుకోండి.

కొలవలేనివీ ఉంటాయి. మీటింగ్‌లో సెకన్ల ముల్లు టక్కుటక్కుమని కదిలే గోడ గడియారం మీదికి చటుక్కున చూపు తిప్పండి. మొదటి సెకను మిగతావాటికంటే సాగినట్టు, ముల్లు ఆగిపోయినట్టు అనిపిస్తుంది. కళ్లు గెంతేటప్పుడు పడిన ఖాళీని మెదడు ఆ తర్వాత కనిపించిన దానితో పూడ్చేస్తుంది. దీన్ని క్రోనోస్టాసిస్ అంటారు. మీటింగ్ నిజంగానే సాగుతున్నా దీని మీదికి తోసేయొచ్చు.

5. వారమంతా నడిచేది ఒకటి పెట్టుకోండి

అమావాస్య తర్వాత రెండు రోజులకు మొదలయ్యే వారమైతే చంద్రుణ్ణి మించింది లేదు. పొద్దుగూకాక రోజూ ఒకే వేళకు, ఒకే చోట నిలబడి చూడండి. మొదటిరోజు పడమట కిందుగా సన్నని నెలవంక కనిపిస్తుంది. మర్నాటికి అది ఉన్నచోటినుంచి తూర్పు వైపుకు జరిగి ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలితో కొలవండి. ఒక పిడికిలి, దాని మీద ఇంకో వేలు, సుమారుగా అదీ రోజుకు జరిగే దూరం. శుక్రవారానికి సగం చంద్రుడికి దగ్గరపడతాడు. మబ్బు పట్టిన రోజు "మబ్బు" అని రాసి వదిలేయండి.

6. ఎవరికైనా చెప్పే ముందు సరిచూసుకోండి

కాగితాన్ని ఏడుసార్లకు మించి ఎవరూ మడవలేరని ఒకసారి నలుగురిలో ఢంకా బజాయించి చెప్పాను. చేతిలో ఉన్న కాగితంతో నిరూపించాను కూడా. తర్వాత చూస్తే, 2002లోనే అమెరికాలో బ్రిట్నీ గాలివాన్ అనే హైస్కూల్ విద్యార్థిని పన్నెండుసార్లు మడిచి చూపించింది. వాడింది సుమారు 1,200 మీటర్ల పొడవున్న టాయిలెట్ పేపర్. మర్నాడు అదే నలుగురికీ ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి, కనీసం రెండు చోట్ల చూడనిదే నోరు విప్పను.

7. ఒక్క వాక్యమే రాయండి

తేదీ, చూసింది, ఊహ, అది తప్పైతే పక్కన ఇంటూ గుర్తు. నా నోట్‌బుక్‌లో ఇంటూలే ఎక్కువ. జవాబు దొరకనివాటిని కొట్టేయకండి, పై వారానికి తోసేయండి.

చివరిగా ఒక జాగ్రత్త. కప్పు ప్రయోగం పక్కసీటు వాళ్లు ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు చేయకండి. అలాగే సన్నని గాజు గ్లాసుతో అసలే వద్దు.