తిరుపతిలో కరోకే రాత్రికి చోటు చూసుకోవడం

కరోకే అంటే గొంతు లేని పాట సంగీతం (ట్రాక్) వేసుకుని మనమే పాడటం. ముందు లెక్క వేసుకోండి. పాట మారే సమయంతో కలిపి ఒక్కో పాటకు ఐదు నిమిషాలు పడుతుంది, అంటే గంటకు పన్నెండు పాటలు. ఎనిమిది మంది విడిగా ఒక గది తీసుకుని రెండు గంటలు కూర్చుంటే మనిషికి మూడు వస్తాయి. అదే అందరూ కూర్చునే హాల్లో ఇంకో మూడు టేబుళ్లవాళ్లు కూడా పేర్లు రాయించుకుంటే, మీ వంతుకు ఒక్కటి దక్కడమూ కష్టమే. నలుగురికి మించితే గదే మేలు. సిగ్గుపడేవాళ్లు ఒకరిద్దరున్నా అంతే, కొత్త ముఖాల ముందు వాళ్లు నోరు విప్పరు.

బోర్డు మీద ‘కరోకే’ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. కొన్నిచోట్ల దానర్థం వాళ్ల సింగర్ ట్రాక్ పెట్టుకుని పాడటం, మనం చప్పట్లు కొట్టడం. ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న ఇదే కావాలి: ‘పాడేది మేమా, మీవాళ్లా?’ తర్వాత మైకులెన్ని, గంటకు అద్దెనా, ఇంత బిల్లు చేయాలని షరతా, తెలుగు ట్రాకులకు సాహిత్యం స్క్రీన్ మీద వస్తుందా అని అడగండి. యుగళగీతాలు పాడాలంటే రెండు మైకులు తప్పనిసరి. విడిగా కరోకే బార్ దొరక్కపోతే రేణిగుంట రోడ్డు, ఎయిర్ బైపాస్ వైపు రెస్టారెంట్లలో చిన్న పార్టీ హాలు ఉందేమో కనుక్కుని, స్పీకరు, మైకులు అద్దెకు తెచ్చుకోవచ్చు. తాగనివాళ్లు ఎక్కువగా ఉన్న గుంపుకు ఇదే సుఖం.

మన ఊళ్లో రోజు కూడా చూసుకోవాలి. శనివారం మాంసం, మందు ముట్టనివాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు, పెరటాసి నెలలో (తమిళ నెల, సెప్టెంబరు-అక్టోబరు) ఇంకా ఎక్కువ. పైగా వారాంతాల్లోనూ, బ్రహ్మోత్సవాల రోజుల్లోనూ యాత్రికులతో హోటళ్లు కిటకిటలాడతాయి. బుధ, గురువారాలు నయం.

బయానా ఇచ్చేముందు ఒక్క పది నిమిషాలు వెళ్లి చూడండి. మైకు ఆన్ చేయించి ‘ట’ అనండి. నోటి మాట కన్నా స్పీకరు మాట ఆలస్యంగా వినిపిస్తే అలాంటి బ్లూటూత్ మైకుతో తాళం నిలవదు, ఎంత బాగా పాడేవాడైనా వెనకబడతాడు. తీగ మైకు గానీ, సొంత రిసీవరున్న కార్డ్‌లెస్ మైకు గానీ కావాలి. ఫోన్ నుంచి స్పీకరుకు కూడా తీగే వేయించండి.

తర్వాత పాడేవాళ్లు నిలబడే చోటు. స్పీకరు వాళ్లకు ముందుండి జనం వైపు తిరిగి ఉండాలి. వెనక ఉంటే దాని శబ్దమే మళ్లీ మైకులో దూరి కుయ్యిమంటుంది. కూత మొదలైతే చాలామంది మైకు తలను గుప్పిట మూస్తారు, దాంతో అది మరింత పెరుగుతుంది. పిడి పట్టుకుని నోటికి రెండంగుళాల దూరంలో ఉంచి, వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. ఎకో కూడా సగానికి దించండి. గొంతులోని తప్పులు దాస్తుందని పెంచుతారు గానీ, మాటలు అలుక్కుపోతాయి. గచ్చునేల, అద్దాల గోడల గదిలో అయితే మరీ ఘోరం. కర్టెన్లు, సోఫాలు ఉన్న గది ఎంచుకోండి.

కీ (పాట శ్రుతి) మార్చే వీలుందా అనేది అసలు పరీక్ష. ఆడవాళ్ల పాట మగగొంతుకు సరిపోవాలంటే నాలుగైదు మెట్లు జరపాల్సి వస్తుంది. బాలుగారి పాటలతో ఇంకో చిక్కు: పల్లవి చల్లగా సాగిపోయి చరణంలో గొంతు పైకెక్కాలి. అందుకే చరణం పాడి చూసి కీ తేల్చుకోండి. నేలమాళిగ గదుల్లో నెట్ అందకపోవచ్చు, ఇరవై ట్రాకులు ముందే ఫోన్లో దించుకోండి. పాట మధ్యలో ప్రకటనల బాధా తప్పుతుంది.

మేడ మీద ఆరుబయట చోటు చూడ్డానికి బాగుంటుంది గానీ, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. అక్కడైతే ఏడింటికే మొదలుపెట్టాలి. మూసిన హాలైనా శబ్దం బయటికి పోకూడదు. మన రాష్ట్రంలో మందుకు 21 ఏళ్లు నిండాలి, కుర్రాళ్లున్న గుంపు ఆధార్ వెంట ఉంచుకోవాలి. తాగినవాళ్లకు బండి ఇవ్వకండి: 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. తెల్లారి కొండకు వెళ్లే ఆలోచన ఉంటే డిక్కీ ఖాళీ చేయండి, మిగిలిన సీసా అలిపిరి తనిఖీలో బయటపడుతుంది.

వెళ్లేటప్పుడు కార్డ్‌లెస్ మైకులకు సరిపడే కొత్త సెల్లులు ఒక జత జేబులో వేసుకోండి. సెల్లు నీరసపడితే ముందు గొంతు తెగితెగి వస్తుంది, ఆ నేరం పాడేవాడి మీద పడుతుంది.