పిల్లల లక్రోస్ టీమ్‌లో ఆట వేగం పెంచడం ఎలా?

లక్రోస్ అంటే చివర వల ఉన్న స్టిక్‌తో బాల్‌ని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట. అమెరికాలో తొమ్మిది పదేళ్ల మగపిల్లల మ్యాచ్ చూస్తే తరచూ కనిపించే సీన్ ఇది: టీమ్‌లో అందరికంటే చురుకైన ఒక్కడు స్టిక్ వలలో బాల్ పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడతాడు, మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు, బయట పేరెంట్స్ "రన్, రన్" అని గొంతు చించుకుంటారు. ఆట జోరుగా ఉన్నట్టే ఉంటుంది, కానీ ఆడుతున్నది ఒక్కడే. ఎంత వేగంగా పరిగెత్తే పిల్లాడైనా పాస్ చేసిన బాల్ అంత వేగంగా వెళ్లలేడు కదా, కాబట్టి కోచ్ పెంచాల్సింది బాల్ వేగం. న్యూజెర్సీలోనో మేరీల్యాండ్‌లోనో పిల్లాణ్ని చేర్పించడానికి వెళ్లి, వాలంటీర్ కోచింగ్ మీ మెడకు చుట్టుకుంటే ఇలా మొదలుపెట్టండి.

ముందు గ్రౌండ్ బాల్, అంటే నేల మీద పడ్డ బాల్‌ని స్టిక్‌తో ఎత్తుకోవడం. ఈ వయసులో క్యాచ్‌లు తెగ జారిపోతాయి, బాల్ ఎక్కువసేపు నేల మీదే ఉంటుంది. మోకాళ్లు వంచి, కింది చెయ్యి నేలకు బాగా దగ్గరగా దించి, స్టిక్‌ని పారలా బాల్ కిందికి తోసి, ఆగకుండా అలాగే ముందుకు పరిగెత్తాలి. అసలు ఆలస్యమంతా బాల్ దొరికాకే. పిల్లాడు అక్కడే నిలబడి ఎవరికివ్వాలా అని దిక్కులు చూస్తాడు, ఈలోపు ముగ్గురు చుట్టుముట్టేస్తారు. అందుకని బాల్ ఎత్తగానే "రిలీజ్" అని అరవాలి (ఇక ప్రత్యర్థిని అడ్డుకోవడం ఆపమని తోటివాళ్లకి సిగ్నల్), ఖాళీ ఉన్న వైపు నాలుగు అడుగులు వేయాలి, అప్పుడు తలెత్తి పాస్ ఇవ్వాలి.

తర్వాత క్లియర్, అంటే బాల్‌ని మన గోల్ దగ్గర్నుంచి అవతలి సగానికి చేర్చడం. షాట్‌ని ఆపిన గోలీ (గోల్‌కీపర్) క్రీజ్‌లో, అంటే గోల్ చుట్టూ గీసిన వలయంలో, బాల్ పట్టుకుని ఉండగలిగేది 4 సెకన్లే, ఆలోచించే టైమ్ ఉండదు. అతను "క్లియర్" అనగానే డిఫెండర్లిద్దరు చెరో సైడ్‌లైన్ వైపు విడిపోవాలి, బాల్ వస్తుందో రాదో చూడకుండా. పదేసి మంది ఆడే ఆటలో మన సగంలో గోలీతో కలిపి కనీసం నలుగురు ఉండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్ అనే తప్పు కింద లెక్క. డిఫెండర్ బాల్‌తో మధ్య గీత దాటుతుంటే ఒక మిడ్‌ఫీల్డర్ వెనకే ఆగి, స్టిక్ పైకెత్తి చూపించాలి. దీన్ని బాల్ లేకుండా నడిపిస్తూ నేర్పండి, తొందరగా ఎక్కుతుంది.

ప్రాక్టీస్‌లో లైన్లో నిలబెట్టే డ్రిల్స్ బాగా తగ్గించి, చిన్న మైదానంలో నలుగురు నలుగురుగా ఆడించండి. బాల్స్ బకెట్ మీ కాళ్ల దగ్గరే పెట్టుకోండి, ఒకటి బయటికి పోయిన క్షణంలోనే ఇంకోటి విసిరేయండి. అమెరికా కాలేజీ మగవాళ్ల ఆటలో 2019 నుంచి 80 సెకన్ల షాట్ క్లాక్ (ఆలోపు షాట్ కొట్టాల్సిన గడువు) ఉంది, 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే ఆరుగురి ఆటలో అయితే 30 సెకన్లే. పిల్లల లీగుల్లో సాధారణంగా ఆ గడియారం ఉండదు, కాబట్టి అంకెలు మీరే గట్టిగా లెక్కపెట్టాలి. ఐదు అనేలోపు బాల్ చేతులు మారకపోతే అవతలివాళ్లకి ఇచ్చేయండి. మొదటివారం గోలగోలగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఎప్పుడూ దూకుడే అయితే పిల్లలు సొమ్మసిల్లిపోతారు. దాడిలో మనవాళ్లు ఒకరు ఎక్కువుంటే దూసుకెళ్లమనండి, సమానంగా ఉంటే బాల్‌ని అవతలివాళ్ల గోల్ వెనకున్న మైదానంలోకి తిప్పి, ఆ సందులో అలసిన మిడ్‌ఫీల్డర్లను మార్చండి. ప్రత్యర్థులు మన గోల్ వైపు వస్తున్నప్పుడు మాత్రం ఎవర్నీ బయటికి పిలవొద్దు.

గెలుస్తున్నాం కదా అని పదేళ్ల పిల్లల చేత బాల్ పట్టించి టైమ్ గడపడం నాకు నచ్చదు. తేడా మరీ ఎక్కువైతే మూడు పాస్‌ల తర్వాతే షాట్ కొట్టమనండి, ఆ చురుకైనవాణ్ని డిఫెన్స్‌లోకి పంపండి.