కాన్సాస్ పొలానికి సీఆర్‌పీ డబ్బు తీసుకోవడం ఎలా?

కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, అంటే సీఆర్‌పీ, 1985 నాటి ఫార్మ్ బిల్లుతో వచ్చింది. మట్టి కొట్టుకుపోయే సాగుభూమిలో పంట మానేసి 10 నుంచి 15 ఏళ్లు గడ్డి పెంచితే అమెరికా ప్రభుత్వం ఏటా ఎకరానికి ఇంత అని అద్దె ఇస్తుంది.

ముందు కాగితాలు. రిజిస్ట్రేషన్ పత్రం, ఐడీ, బ్యాంకు వివరాలు పట్టుకుని మీ కౌంటీలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసుకు వెళ్లండి. ఫీజు తీసుకుని ఫారాలు నింపిపెట్టే కన్సల్టెంట్లు అసలే వద్దు. ఆ పని ఆఫీసువాళ్లు ఉచితంగా చేస్తారు. పొలం కొని కనీసం ఏడాది అయి ఉండాలి, వారసత్వంగా వస్తే మినహాయింపు ఉంది.

మనవాళ్లకు ఒక మాట. గ్రీన్‌కార్డు రాకముందే, హెచ్1బీ మీద ఉండగానే పొలం కొంటే, సీఆర్‌పీ సంగతి తర్వాత, కొన్న 90 రోజుల్లోగా విదేశీ యాజమాన్యం రిపోర్టు ఇదే ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్తుంది.

తర్వాత ఆఫర్, అంటే ఎకరానికి ఎంత అద్దె అడుగుతారో, ఏం విత్తనం వేస్తారో రాసివ్వడం. ఆఫీసు చెప్పే గరిష్ఠ అద్దె మొత్తం అడగకండి. కాస్త తగ్గించి అడిగితే ఎంపికలో పాయింట్లు కలుస్తాయి. విత్తనం రకరకాల స్థానిక గడ్డి, పూల మొక్కలు కలిపిందే తీసుకోండి. గడ్డి విత్తనం వేసే యంత్రం, అంటే గడ్డి డ్రిల్లు, కన్జర్వేషన్ డిస్ట్రిక్టులో (నేల సంరక్షణ చూసే స్థానిక సంస్థ) అద్దెకు దొరుకుతుంది. విత్తనాన్ని అర అంగుళం లోతు దాటనివ్వకండి.

ఇక అందరూ బోల్తాపడేది ఇక్కడే: కోత. మొదటి ఏడాది పొలం చూస్తే గుండె గుభేల్‌మంటుంది. ఎక్కడ చూసినా పిగ్‌వీడ్, పొద్దుతిరుగుడు కలుపు. వంగి ఆ కలుపును చేత్తో పక్కకు తోస్తే నేల మీద దారప్పోగుల్లా రెండు మూడు ఆకులు కనిపిస్తాయి. అదే మీరు వేసిన లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి. మొదటి ఏడాది దాని బలమంతా వేరు పెంచుకోవడానికే సరిపోతుంది. గడ్డి మొలవలేదని తేల్చేసి దున్నించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

పక్క రైతు వచ్చి “అడవిలా ఉంది, ఒకసారి మోవర్ తిప్పేయనా?” అంటాడు. మంచి మనసుతోనే అంటాడు. జూన్‌లో సరే అన్నారంటే మీ కాంట్రాక్టుకే ఎసరు. కాన్సాస్‌లో ఏప్రిల్ 15 నుంచి జూలై 15 దాకా పక్షులు గూళ్లు కట్టే కాలం. బాబ్‌వైట్ క్వెయిల్, మెడోలార్క్ గుడ్లు పెట్టేది నేల మీదే. అప్పుడు అనుమతి లేకుండా కోయకూడదు, మందు కొట్టకూడదు.

అలాగని పొలాన్ని గాలికి వదిలేయడమూ కుదరదు. మస్క్ తిజిల్ లాంటి కలుపును రాష్ట్ర చట్టం ప్రకారం అదుపు చేయాల్సిందే. ఎప్పుడు ఏం చేయాలో మీ కన్జర్వేషన్ ప్లాన్‌లో ఉంటుంది. అందులో లేనిదేదైనా చేయాలంటే ముందు ఆఫీసుకు రాసి, కాగితం మీద అనుమతి తెచ్చుకోండి. కౌంటర్ దగ్గర ఎవరో తలూపితే అది అనుమతి కాదు. కాంట్రాక్టు రద్దయితే అప్పటిదాకా తీసుకున్న డబ్బంతా వడ్డీతో వెనక్కి కట్టాలి, పైగా ఏడాది అద్దెలో 25 శాతం అదనం.

డబ్బు ఏటా అక్టోబర్ 1 తర్వాత ఖాతాలో పడుతుంది, మనిషికి ఏడాదికి 50,000 డాలర్ల పరిమితి. దీనికి పన్ను ఉంది. ఎంత డబ్బు వచ్చిందో చూపే 1099 ఫారం వస్తుంది, మీ అకౌంటెంట్‌కు ఇవ్వండి.